బోసిచేతుల కనుమలమ్మ

వెలిగొండల వరుసలో, ఘాట్ రోడ్డు కిందికి దిగే చివరి మలుపు దగ్గర బస్సు ఆగుతుంది. అక్కడినుంచి రాతిబాట పట్టి కొంచెం నడిస్తే కనుమలమ్మవారి గుడి వస్తుంది. గోపురం లేదు. రాతి కప్పు, ముందు ఒక రేకుల పందిరి. అమ్మవారికి పట్టుచీర ఉంది, ముక్కుపుడక ఉంది, నడుముకు వడ్డాణం ఉంది. చేతులకు మాత్రం గాజుల్లేవు. కొత్తగా వచ్చిన భక్తులు అది చూసి నొచ్చుకుని, సంచిలోంచి గాజులు తీసి పూజారికి ఇస్తారు. పూజారి వాటిని కళ్లకద్దుకుని పక్కన పెడతాడే తప్ప అమ్మవారికి తొడగడు. అందరికీ పసుపు కుంకుమలిచ్చే తల్లి బోసిచేతులతో ఉండడమేమిటని కోపగించుకున్నవారూ ఉన్నారు. వారి కోపం న్యాయమైనదే. కారణం తెలిశాక ఆ కోపం మా ఊరి మీదికి మళ్లుతుంది. అదీ న్యాయమే.

పూర్వం ఇక్కడ రోడ్డు లేదు. కనుమ దాటే సరుకు బండ్లన్నీ ఈ ఊళ్లో మజిలీ చేసేవి. బండివాళ్లకు అన్నం పెట్టి, పడుకోవడానికి అరుగు చూపించే పూటకూళ్ల ఇల్లు ఒకటుండేది. దాన్ని తిరపమ్మ అనే వితంతువు నడిపేది. ఒకనాడు చింతపండు బండి తోలుకుంటూ ఒక పడుచువాడు వచ్చాడు. ఎద్దు కాలికి దెబ్బ తగిలి, అది మానేదాకా ఆ అరుగు మీదే ఉండిపోయాడు. ఎద్దు కాలు మానింది. బండి మాత్రం కదలలేదు.

తిరపమ్మ అడిగితే అతడు తన మూట విప్పి అడుగున మడిచి పెట్టుకున్న ఒక నేతచీర చూపించాడు. "అమ్మా, నేను ఊరూరూ తిరిగేది చింతపండు కోసం కాదు. ఇది కట్టుకుని బతకనిచ్చే ఊరు యాడన్నా ఉందేమోనని. నేను ఆడదాన్నమ్మా. ఇంట్లో చెబితే కొట్టారు" అన్నాడు.

"చీర కట్టుకోవటానికి ఇంత తిరుగుడెందుకే పిచ్చిదానా? లోపలికి రా, కుచ్చిళ్లు నేను పెడతా" అన్నది తిరపమ్మ.

ఆ మాటతో ఆ బండివాడు ఈ కథలోంచి వెళ్లిపోతాడు. తల్లిదండ్రులు ఏ పేరు పెట్టారో మా ఊళ్లో ఎవరూ చెప్పరు. తాను పెట్టుకున్న పేరు మాణిక్యాలు. మేమూ ఆమె అనే రాస్తున్నాం.

ఊరు మొదట వింతగా చూసింది, తర్వాత అలవాటుపడింది. మాణిక్యాలు తిరపమ్మతో కలిసి పిండి రుబ్బేది, బండివాళ్లకు వడ్డించేది, బావి దగ్గర ఆడవాళ్లతో మేలమాడేది. నవ్వినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అది తిరపమ్మ అలవాటు, చూసి నేర్చుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ కొద్ది నెలలూ మా ఊరు నిజంగానే మంచిది.

అంతలో అమ్మవారి జాతర వచ్చింది. ఆ రోజు ఊరి ఆడవాళ్లంతా అమ్మవారి ముందు వరుసగా కూర్చుని కొత్త గాజులు తొడిగించుకోవడం ఆచారం. అమ్మవారి చేతులకూ మోచేతుల దాకా గాజులుండేవి. గాజులు తొడిగే రాచశెట్టి తన మలారం, అంటే గాజుల మూట, విప్పి కూర్చున్నాడు. వరుస చివర మాణిక్యాలు కూర్చుంది. ఎవరూ వద్దనలేదు. రమ్మనీ అనలేదు.

రాచశెట్టి ఆమె చేయి పట్టుకున్నాడు. పగ్గాలు పట్టి పెరిగిన చేయి, వెడల్పు చేయి. అతడు ముందు కూర్చున్న పిల్లకు తొడిగిన కొలతలోనే ఒక గాజు తీసి ఎక్కించాడు. చిట్లింది. అదే కొలతలో ఇంకొకటి తీశాడు. అదీ చిట్లింది. జనంలో గుసగుస లేచింది. ఊరి పెద్ద ఒకాయన లేచి, "అమ్మవారు ఒప్పుకోలేదు. మనమేం చేస్తాం?" అన్నాడు.

గాజులు తొడిగేవాడికి ఇది కొత్త కాదు. ఎంతమంది కొత్త పెళ్లికూతుళ్ల చేతులకు నూనె రాసి, మర్దించి, కొలత మార్చి తొడిగి ఉంటాడు! పెద్ద కొలత ఆ మూటలోనే ఉంది, అందరికీ కనబడుతూనే ఉంది. కానీ తమ నోటితో అనలేని మాట గాజు అంటే బాగుండునని అందరికీ లోలోపల ఉన్నది కాబోలు. తిలాపాపం తలా పిడికెడు.

మాణిక్యాలు తిరపమ్మ వైపు చూసింది. "పెద్ద కొలత తీయి శెట్టీ" అని ఒక్క మాట అంటే సరిపోయేది. తిరపమ్మ తల దించుకుంది. రేపు ఊళ్లో తన పొయ్యి వెలగాలి కదా అనుకుంది. మాణిక్యాలు ఎవరి కాళ్లకూ గుచ్చుకోకుండా గాజు ముక్కలన్నీ ఏరి కొంగున కట్టుకుంది. బండి కూడా తీసుకోకుండా కనుమ దారి పట్టి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం హారతి ఇస్తుండగా అమ్మవారి చేతుల గాజులన్నీ పగిలి రాలిపోయాయి. కొత్తవి తొడిగితే అవీ పగిలాయి. ఊరికి అప్పుడైనా తెలివి రావలసింది. రాలేదు సరికదా, మాణిక్యాలు అడుగుపెట్టినందుకే మైల అని గుడి కడిగించి శాంతులు చేయించారు. శాంతి జరిగిన మర్నాడూ గాజులు నిలవలేదు.

అప్పుడు ఒక మధ్యాహ్నపు కునుకులో అమ్మవారు తిరపమ్మకు కనబడింది. "ఆ గాజు చిట్లింది నా వల్ల కాదే. శెట్టి మూటలో పెద్ద కొలత ఉంది, నీ నోట్లో మాట ఉంది. రెండూ బయటికి రాలేదు. పోయి నా పేరు మీద చేసిన అబద్ధాన్ని దిద్దుకురా. ఆ బిడ్డకు తొడిగినప్పుడే నాకూ తొడగండి" అన్నది.

తిరపమ్మ ఆ మాట ఊరందరికీ చెప్పింది. శెట్టి ఏడుస్తూ ఆ పెద్ద కొలత గాజులు ఆమె కొంగున కట్టాడు. ఆమె పూటకూళ్ల ఇంటికి తాళం వేసి బయలుదేరింది. జాతరలూ సంతలూ వెదికింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఆమెకూ తెలుసు. తల నెరిసింది, నడుము వంగింది. చివరికి కొండకు అవతల ఒక సంతలో బస్తాలు దించుతున్న మనిషిని చూసింది. పంచె, తలపాగా, నెరిసిన మీసం. చేతుల్ని బట్టి గుర్తుపట్టి "మాణిక్యాలూ" అని పిలిచింది.

ఆ మనిషి చప్పున తిరిగి చూసింది. మళ్లీ అంతలోనే ముఖం తిప్పుకుంది. "ఇక్కడ ఆ పేరుగలవాళ్లు లేరవ్వా."

తిరపమ్మ కొంగు విప్పి గాజులు చూపించింది. మాణిక్యాలు ఒక గాజు అందుకుని వేళ్ల మీద ఆనించి చూసి, "ఈ కొలత ఆ రోజు మూటలో ఉందా?" అని అడిగింది.

"ఉంది బిడ్డా."

మాణిక్యాలు బస్తా మీద కూలబడింది. "ఇన్నేళ్లూ అమ్మవారే నన్ను వద్దందనుకున్నా గదవ్వా."

"తప్పు నాదే. నోరు తెరవలేకపోయా. రా తల్లీ, మన ఊరు పోదాం."

"ఇప్పుడెట్టా వచ్చేది? ఇంటికాడ నన్ను నాయనా అని పిలిచే పిల్లలున్నారు." ఆమె గాజు తిరిగి ఇచ్చేసింది. "నాకెట్టాగూ ఆ రాత లేదు. ఇంకెవరైనా వస్తే మాత్రం, ముందు పెద్ద కొలత తీయమని చెప్పు ఆ శెట్టికి."

తిరపమ్మ ఒంటరిగానే తిరిగివచ్చింది. ఆ గాజులు అమ్మవారి పాదాల దగ్గర పెట్టింది. అమ్మవారు ఆనాటినుంచీ బోసిచేతులతోనే ఉన్నది.

నేటికీ ఈ గుడిలో గాజులు తొడిగేవారు మూట విప్పగానే ముందు పెద్ద కొలత తీసి పైన పెడతారు. ఎవరు చేయి చాపినా తొడుగుతారు. ఊరు, పేరు, ఆడా మగా అని అడగరు. భక్తులు అమ్మవారికని తెచ్చిన గాజులన్నీ ఈ చేతులకే చెందుతాయి. తమలోని ఆడదాన్ని మొదటిసారి బయటికి తీసుకురావాలనుకున్నవారు దూరపు పట్నాల నుంచి ఇక్కడికి వస్తుంటారు. అలాంటివారు దిగడానికి పూటకూళ్ల ఇంటి స్థలంలోనే సత్రం కట్టారు. చీర కట్టుకోవడం రానివారికి ఊరి ఆడవాళ్లు కుచ్చిళ్లు పెడతారు. అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డా ఎవరూ తొందర పెట్టరు. నాలుగు రోజులుండేవారున్నారు, మళ్లీ మళ్లీ వచ్చేవారున్నారు.

ఈ క్షేత్రాన్ని దర్శిస్తే అన్ని కోరికలూ తీరతాయని చెప్పడానికి మాకు నోరు రాదు. ఇక్కడ తొడుక్కున్న గాజులను చాలామంది తిరుగు బస్సు ఎక్కే ముందు తీసేస్తారు. ఇంటి దగ్గర తండ్రులున్నారు, ఆఫీసులున్నాయి. గాజు చిట్లకుండా తీయడం కూడా మా ఊరి ఆడవాళ్లకు బాగా వచ్చు, రాక తప్పలేదు. తీసిన గాజులను పందిరి కింద తీగకు గుచ్చి, మళ్లీ వచ్చినప్పుడు తీసుకోమని చెబుతారు. ఆ తీగ ఏటేటా బరువెక్కుతూనే ఉన్నది. మొన్న జాతరకు రెండో తీగ కట్టాం.

కనుమలమ్మ చల్లగా చూచుగాక. తీసి వెళ్లిన ప్రతి బిడ్డా తిరిగి వచ్చి తన గాజులు తాను తొడుక్కుని, అలాగే ఇల్లు చేరుగాక. అంతవరకూ తన చేతులు ఇలాగే ఉంచమని అమ్మవారి ఆజ్ఞ.