మేదర ఎర్నమ్మ అల్లిన మనిషి

అనగనగా, మీ తాతల తాతలు ఉయ్యాల్లో గుక్కపట్టి ఏడుస్తున్న కాలంలో, కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్లో మేదర ఎర్నమ్మ. మొగుడు లేడు. ఆవిడకున్నది ముత్యాలు అనే కూతురు, ఒక కత్తి, రెండు చేతులు. ఊరి వడ్లు పోసే గాదె ఎర్నమ్మ అల్లిందే. చెరిగే చేట ఎర్నమ్మ అల్లిందే. దొర ఇంట్లో మనుషుల్ని మోసే డోలీ కూడా ఎర్నమ్మ అల్లిందే. అల్లుతున్నంతసేపూ ఆ చెయ్యి మంచిది. అల్లడం అయ్యాక ఆ చెయ్యి తగిలితే మైల. ఇదీ ఆ ఊరి న్యాయం, తగలెయ్య!

ముత్యాలుకు నెలలు నిండాయి. నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని నడవలేని ముసలిది, ఏటి అవతల ఉంటుంది. పిల్లనే అక్కడికి మోసుకెళ్లాలి.

ఎర్నమ్మ దొర గుమ్మానికి పరుగెత్తింది.

"డోలీ ఒక్కపాలి ఇప్పించండి బాబూ. నా పిల్ల సచ్చిపోతాది!"

"దొరగారు భోంచేస్తున్నారు," అన్నారు నౌకర్లు.

రెండోసారి పరుగెత్తింది. "దొరగారు కునుకు తీస్తున్నారు," అన్నారు.

మూడోసారి దొరే బయటికొచ్చి ఆవలించాడు. "మా అమ్మ ఎక్కే డోలీలో మీ పిల్ల పురుడు పోసుకుంటుందా? ఆ మైల ఎవత్తె కడుగుతుందే? పో!"

ఎర్నమ్మ కూతుర్ని వీపున వేసుకుని నడిచింది. ఏరు దాటలేకపోయింది. ఇసకలోనే ముత్యాలూ పోయింది, కడుపులో బిడ్డా పోయింది.

ఎర్నమ్మ ఏడవలేదు. కత్తి నూరింది. వెదురు చీల్చి, సన్నగా బద్దలు తీసి, మనిషంత బొమ్మ అల్లింది. నిండు చూలాలి బొమ్మ. అదే ముక్కు, అదే జడ, రెండు చేతులూ కడుపు మీద. తెచ్చి దొర గుమ్మానికి ఎదురుగా నిలబెట్టింది.

దారిన పోయేవాళ్లు నవ్వారు. "ఇందులో ఏటి పోత్తావే ఎర్నమ్మా? వడ్లా, ఉలవలా?"

"నా కోపం పోత్తాను. అదీ పట్టదు."

దొర తగలబెట్టించాడు. ఎండు బద్దలు చప్పుడు లేకుండా బూడిదయ్యాయి. పక్క వీధికి కూడా తెలియలేదు.

రెండో బొమ్మ అల్లింది. అది ఇంటి చూరంత ఎత్తు. దాన్నీ తగలబెట్టించాడు. అదీ చప్పుడు లేకుండా బూడిదైంది.

మూడో బొమ్మకు అడవికెళ్లి లావుపాటి పచ్చి వెదుళ్లు తెచ్చింది. ఈసారి వాటిని చీల్చలేదు. కణుపుకు కణుపు మూసుకుని ఉన్న బొంగుల్నే ఎముకలుగా నిలిపి, చుట్టూ బద్ద అల్లింది. తాటిచెట్టంత ఆడమనిషి లేచి నిలబడింది. కణుపు మూసిన బొంగును నిప్పులో వెయ్యకూడదని మేదరవాడలో పసిపిల్లనడిగినా చెబుతుంది. దొరకెవరు చెబుతారు? మేదరవాళ్లతో ఏనాడైనా మాట్లాడితే కదా!

దొర బొమ్మ చుట్టూ గడ్డి పేర్పించాడు. డోలీ మోసే బోయీలను పిలిచి అంటించమన్నాడు.

వాళ్లు తల వంచుకున్నారు. "మా ఆడోళ్లూ నీళ్లోసుకున్నారు బాబూ. మా సేతులు రావు."

"చవటల్లారా!" అని దొరే అంటించాడు. ఎర్నమ్మ చేతులు కట్టుకుని చూసింది.

మొదటి కణుపు పేలింది. ఢాం! రెండోది పేలింది. ఢాం! మూడోది పేలేసరికి దొర తలపాగా ఊడిపడింది. ఆ మోత ఇక ఆగలేదు. ఏడూళ్లకు వినిపించింది. ఏ దండు వచ్చి పడిందోనని ఏడూళ్ల జనం కర్రలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

ఎర్నమ్మ మంట ముందు నిలబడింది. "డోలీ అల్లినాను. నా పిల్ల కోసం ఆ డోలీ అడిగినాను. మూడుపాల్లు అడిగినాను. ఇవ్వనేదు. నా పిల్ల ఇసకలో సచ్చిపోనాది. సచ్చినదాన్ని ఈడు మూడుపాల్లు కాల్సినాడు!"

మగవాళ్లు కర్రలు ఆనించుకుని నిలబడ్డారు. ఆడవాళ్లే కదిలారు. దొర ఇంట్లోకి నడిచి, డోలీ బయటికి లాక్కొచ్చి, ఎవరికి కావాలంటే వాళ్లు ఎత్తుకుపోయేలా ఏటి గట్టున గుంజకు వేలాడదీశారు. దొర నోరు తెరిచాడు. ఏడూళ్ల కర్రలు చూసి మూసుకున్నాడు.

తర్వాత అతనే కాళ్లబేరానికి వచ్చాడు. "క్షమించు ఎర్నమ్మా," అన్నాడు.

"సెమించను," అంది. బతికినంత కాలం క్షమించలేదు. చివరికి ఆవిడ మనసు కరిగిందని కొందరు పెద్దమనుషులు ఈ కథ చెబుతుంటారు. పచ్చి అబద్ధం. నమ్మకండి.

ఇప్పటికీ ఆ కొండ కింద ఊళ్లలో, కడుపుతో ఉన్న ఇంటి పిల్లకు తొమ్మిదో నెల రాగానే కొత్త డోలీ అల్లి గుమ్మం బయట పెడతారు. లోపల పెట్టరు. తాడు వేసి కట్టరు. ఏ ఇంటి ఆడదానికి నొప్పులొచ్చినా ఎత్తుకుపోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. ఏటా ఎర్నమ్మ పోయిన రోజున కణుపు మూసిన బొంగులు మంటలో వేస్తారు. ఢాం అన్నప్పుడల్లా పిల్లా పెద్దా అందరూ గొంతెత్తి జవాబు చెబుతారు.

"బయటే ఉంది తల్లీ! డోలీ బయటే ఉంది!"