ఏరు దాటిన గుండు

గువ్వలదిన్నె కోటలో లాలప్ప అనే ఫిరంగివాడు ఉండేవాడు. చేయి తిరిగినవాడే కాని, ఏ పనైనా ఒక్క దెబ్బకు తేలిపోవాలనే తొందర మనిషి. అతని తాత పోతపోసిన ఫిరంగి పన్నెండు మూరల పొడుగుండేది. ఊరంతా దాన్ని ముద్దుగా కొండచిలువ అని పిలుచుకునేవారు.

ఆ సీమలో ఒక కట్టడి ఉండేది. ఏటా ఆయుధపూజనాడు కోట మీది నుంచి రెండు గుండ్లు పేల్చేవారు. వాటిలో దూరం పోయినది ఎక్కడ పడితే అక్కడిదాకా ఆ కోట పొలిమేర. గువ్వలదిన్నె రైతుల కందిచేలన్నీ ఏటికి అవతల ఉండేవి. గుండు ఏరు దాటకపోతే ఆ చేలు పొరుగు కోట పాలే.

ఫిరంగికి మందు చేసేది లాలప్పకు వరసకు అత్త అయ్యే పీరమ్మ. మందును తడిపి ముద్దచేసి, జల్లెడలో రుద్ది, జొన్నగింజలంత పలుకులుగా నీడన ఆరబెట్టేది. ఆ ఏడు లాలప్ప చిటికెడు పలుకులు పెంకు మీద వేసి నిప్పు తగిలించాడు. అవి చిటపటలాడుతూ కాసేపు కాలాయి. చిన్న తుపాకుల్లో వేసే మెత్తని మందు మాత్రం భగ్గున రెప్పపాటులో అయిపోయింది. ఇంత చురుకైనది ఉండగా ఆ సోమరి మందెందుకు అనుకున్నాడు. మెత్తనిది నిండుగా పోస్తే గొట్టం పగులుతుందని అతనికీ తెలుసు. అందుకే సగమే పోశాడు, ఎవరికీ చెప్పకుండా.

మొదటి గుండు చెవులు గింగురుమనేలా పేలింది. ఫిరంగి వెనక్కి ఎగిరింది. గుండు పోయి ఏటి నడుమ బుడుంగుమంది.

"మీ కొండచిలువకు దాహం వేసినట్టుంది" అన్నారు చూడవచ్చిన పొరుగు కోటవాళ్లు.

కందిచేల రైతులు ఏటి అవతలి తమ చేలవైపు చూశారు. ఆ చూపే లాలప్పకు ఎక్కువ తగిలింది. పీరమ్మ దగ్గరికి వెళ్లి చేసినదంతా ఒప్పుకున్నాడు. "చురుకైన మందే కదత్తా, గుండు దూరం ఎందుకు పోలేదు?" అన్నాడు.

"బురదలో దిగబడ్డ బండిని ఒక్క గుద్దు గుద్దితే గట్టెక్కుతుందా అల్లుడూ? చెయ్యి నొస్తుందంతే. భుజం ఆనించి గట్టుదాకా తోయాలి. నీ మందు గొట్టం మొదట్లోనే అయిపోయింది. నా పలుకులు మెల్లగా కాలుతూ గుండును మూతిదాకా తోస్తూనే ఉంటాయి. మీ తాత పన్నెండు మూరలు పోసింది అందానికి కాదు" అంది పీరమ్మ.

లాలప్ప గొట్టం తుడిచి, అది చల్లారేదాకా కూర్చున్నాడు. అతను అలా ఊరికే కూర్చోవడం ఊరివాళ్లు అంతకుముందు చూడలేదు. తర్వాత పలుకుమందు నిండు కొలత పోసి వత్తి అంటించాడు. ఈసారి మోత బొంగురుగా, దీర్ఘంగా వచ్చింది. గుండు ఏరు దాటింది. కందిచేలు దాటింది. అవతల తెల్లబండ పక్కన దుమ్ము లేచింది.

కోట దొర మురిసిపోయి లాలప్పకు పట్టు తలపాగా ఇచ్చాడు. లాలప్ప దాన్ని రెండు చేతులా అందుకుని తిన్నగా పీరమ్మ దగ్గరికి నడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది మా అత్త గుండు దొరా. నేను నిప్పు పెట్టానంతే" అన్నాడు. ఆ మాట అంటుంటే అతని ఛాతీ ఉప్పొంగింది.

పీరమ్మ తలపాగాను భుజాన వేసుకుని, "నిప్పు పెట్టడం కూడా పనేలే" అంది. రైతులు నవ్వుకుంటూ తమ చేలవైపు ఏరు దాటారు.

పిల్లలూ, ఒక్కసారిగా భగ్గుమనే తొందర చప్పుడే చేస్తుంది. చివరిదాకా విడవని ప్రయత్నమే దూరం చేరుస్తుంది.