రెండో బద్ద

ఒకానొక రాజ్యంలో ఒక దుంగ ఉండేది. రాజు ఉండేవాడు, మంత్రి ఉండేవాడు, పండితుడూ సేనాపతీ కూడా ఉండేవారు. కానీ ఈ గొడవంతా దుంగ వల్లే వచ్చింది కాబట్టి దాని పేరు ముందు చెప్పాను. మిగతావాళ్లు ఏమైనా అనుకుంటే అనుకోనివ్వండి.

ఆ రాజ్యం కలువకొండ. దాన్ని ఏలే రాజు దుందుభివర్మ. ఆయన తుమ్మితే శుభశకునమనీ, ఆవలిస్తే దీర్ఘాలోచన అనీ చెప్పే మనుషులు ఎప్పుడూ చుట్టూ ఉండేవారు. పాపం, రోజూ అవే మాటలు వింటుంటే ఎవరికైనా నిజమే అనిపిస్తుంది. ఆయనకూ అనిపించింది.

ప్రతి విజయదశమికీ ఊరి బయట ఒక అరటిబోదె నిలబెడతారు. రాజు దాన్ని బాణంతో కొట్టాలి. అది అక్కడి ఆచారం. కిందటేడు రాజుగారు వదిలిన బాణం బోదెను వదిలేసి, పక్కన వాయిస్తున్న డప్పువాడి డప్పులో దిగింది. సభలో కొందరు తప్పు బాణానిదన్నారు, కొందరు విల్లుదన్నారు, గాలిదని మంత్రి అన్నాడు. రాజుగారిదని మాత్రం ఎవరూ అనలేదు.

అందుకని ఈసారి కొత్త విల్లు కావాలనుకున్నాడు దుందుభివర్మ. విల్లులకు పేరుపడ్డ తడ చెట్టు కోసం తానే అడవికి బయలుదేరాడు. మంచి చెట్లన్నీ లోయలో ఉన్నాయి. పల్లకి లోయలోకి దిగదు. ఎండ మాడ్చేస్తోంది. బాట పక్కనే ఉన్న ఒక తడ చెట్టుకు వేలు చూపించి "ఇదే!" అన్నాడు.

ఆ చెట్టు కొంత దూరం కుడికి పోయి, మనసు మార్చుకుని ఎడమకు తిరిగి, ఏదో మరిచిపోయినట్టు మళ్లీ కుడికి వచ్చి, ఆ తర్వాత పైకి పోయింది. మధ్యలో రెండు మూడు బుడిపెలు కూడా ఉన్నాయి. రాజు మొదటి గొడ్డలి వేటు తానే వేశాడు. మిగతా వేట్లు భటులు వేశారు.

మర్నాడు దుంగను సభకు మోసుకొచ్చారు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, పట్ట మీద, ఆ బెరడు చుట్టూరా, రాజముద్రలు కాల్చి వేశారు.

"ఎంత తిన్నగా ఉందో చూశారా?" అన్నాడు రాజు.

సభ దుంగను చూసింది. రాజును చూసింది. మళ్లీ దుంగను చూసింది.

మహామంత్రి వాచస్పతి గొంతు సవరించుకున్నాడు. "చిత్తం ప్రభూ. ఇంత తిన్నని కర్రను నా జన్మలో చూడలేదు."

"దారం పట్టి గీసినట్టుంది" అన్నాడు ఆస్థాన పండితుడు.

ముసలి సేనాపతి మెడ ఒక పక్కకు వంచి చూశాడు. తిన్నగా కనబడలేదు. ఇంకో పక్కకు వంచాడు. అయినా కనబడలేదు. "తిన్నగానే ఉంది ప్రభూ. నా మెడే పట్టేసినట్టుంది" అని కూర్చున్నాడు.

రాజు పొంగిపోయాడు. ఆ పొంగులో ఇంకో మాట కూడా అనేశాడు. "ఈ కర్రను వంకర అన్నవాడు రాజ్యం పొలిమేర దాటి పోవాలి. దండోరా వేయించండి!"

సభలో ఒక మూల తిప్పన అనే ఆయన కూర్చునేవాడు. ఆయన ఉద్యోగమేమిటో ఎవరికీ సరిగా తెలియదు. రాజుకు విసుగు పుట్టినప్పుడు నవ్వించేవాడు, రాజు మరీ నవ్వుతున్నప్పుడు ఒక ప్రశ్న అడిగేవాడు. ఇప్పుడు అడిగాడు.

"అన్నది ఎవరైనా సరేనా ప్రభూ?"

"ఎవరైనా సరే!"

"చిత్తం" అని తిప్పన మళ్లీ మూలకు ఒదిగి కూర్చున్నాడు.

విల్లు చేసే పని బైరన్నకు అప్పగించారు. బైరన్న చేతిపని మీద ఎవరికీ అనుమానం లేదు. ఆయనకైతే అసలే లేదు, ఆ సంగతి అడగకపోయినా అందరికీ చెప్పేవాడు. దుంగను చూడగానే "ఓరి, ఇదేం వం..." అని నోరు తెరిచాడు. పక్కనే ఉన్న ఆయన భార్య గంగమ్మ కాలు తొక్కింది. దండోరా ఆమె విన్నది.

బైరన్న దుంగను నిలువునా రెండు బద్దలుగా చీల్చాడు. విల్లుకు ఒక బద్ద చాలు. రెండోదాన్ని పట్టతో సహా గోడకు ఆనించేసి, మొదటిదాన్ని చెక్కడం మొదలుపెట్టాడు. కర్రలో నార ఎటు తిరిగితే ఆయన బాడిశె అటు తిరిగింది. బుడిపె వచ్చిన చోట పక్కగా చుట్టి పోయింది. ఎక్కడా నార తెగనివ్వలేదు. ఇంత మొండి కర్ర చేతికి వచ్చినందుకు ఆయనకు లోలోపల సంతోషంగానే ఉంది.

సగం పని అయ్యాక రాజు చూడటానికి వచ్చాడు. చూసి మొహం చిట్లించాడు.

"ఇదేమిటి, ఇలా ఉంది? తిన్నగా చెక్కు."

"కర్రలో నార ఎట్టా పోతే విల్లూ అట్టాగే పోవాల దొరా" అన్నాడు బైరన్న. "నార కోసి తిన్నగా చెక్కితే చూట్టానికి బాగుంటది. లాగినప్పుడు మాత్రం ఫెళ్లున ఇరుగుద్ది. అదీ తమరి మొహాన."

"నేనిచ్చింది తిన్నని కర్ర! విజయదశమినాడు కొలువులో తిన్నని విల్లు పెట్టకపోయావో, ఇల్లూ వాకిలీ వదిలి పొలిమేర దాటుతావు!"

పల్లకి అటు కదిలిందో లేదో గంగమ్మ ఇటు తిప్పన ఇంటికి పరుగెత్తింది. ఆయన అరుగు మీద కూర్చుని వక్క కత్తిరించుకుంటున్నాడు.

"నువ్వే ఏదో ఒకటి చెయ్యాల బాబూ. మా ఆయనేమో తిన్నగా చెక్కనంటే చెక్కనంటాడు. ప్రాణం పోయినా నార కొయ్యడంట. ఇంట్లో కూతురు పచ్చి బాలింత. పసిబిడ్డను చంకనేసుకుని మేం ఏ ఊరు పోతాం?" ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తిప్పన అడకత్తెర పక్కన పెట్టాడు. "ఆ విల్లు సరిగా కొడుతుందా గంగమ్మా?"

"ఎందుకు కొట్టదు? మా ఆయనకి నోరు కుదురుగా ఉండదు గానీ చెయ్యి కుదురుగానే ఉంటది."

"అయితే ఆయన ఇష్టప్రకారమే చెక్కనివ్వు. మరి దుంగలో మిగిలిన రెండో బద్ద ఏం చేశారు?"

గంగమ్మకు అర్థం కాలేదు. "గోడకానించి ఉంది. రేపు బాలింతకు వేణ్ణీళ్లు కాయాలంటే కట్టెల్లేవు. అదే పొయ్యిలో పెడదామనుకున్నా."

"పెట్టకు! గుడ్డలో చుట్టి దాచు. విజయదశమినాడు మైదానానికి పట్టుకురా. నేను అడిగినప్పుడు తీద్దువుగాని."

"అది తెస్తే మేం ఊళ్లో ఉంటామా?"

"అది లేకపోతే ఉండరు."

గంగమ్మ ఇంకా అయోమయంగానే ఇంటికి పోయింది. దారిలో పక్కింటివాళ్లను అడిగి నాలుగు కట్టెలు తెచ్చుకుంది.

విజయదశమి వచ్చింది. ఊరి బయట మైదానంలో పందిరి వేసి కొలువు తీర్చారు. దూరాన అరటిబోదె నిలబెట్టారు. డప్పువాడు ఈసారి బోదెకు బాగా ఎడంగా, ఒక బండరాయి వెనక నిలబడి వాయిస్తున్నాడు.

బైరన్న విల్లు తెచ్చి బల్ల మీద పెట్టి గుడ్డ తీశాడు. రాజు చూశాడు. కోపంతో లేచి నిలబడ్డాడు.

"వంకర! ఎంత వంకరగా ఉందో చూశారా?"

"అవును ప్రభూ, వం..." అని మంత్రి వాచస్పతి అక్కడే ఆగిపోయాడు. దండోరా గుర్తొచ్చింది. అవునంటే పొలిమేర, కాదంటే రాజుగారి కోపం. "అంటే, ప్రభూ, తమరు వంకర అన్నది చాలా తిన్నగా ఉంది" అన్నాడు. తానేమన్నాడో ఆయనకే తెలియలేదు.

పండితుడు అవుననీ కాదనీ చెప్పే తలకాయ ఊపు ఒకటి కనిపెట్టే ప్రయత్నంలో పడ్డాడు. సేనాపతి ముందుజాగ్రత్తగా మెడ పట్టుకున్నాడు.

అప్పుడు తిప్పన లేచి, "భటులారా! దండోరా వినలేదా? వంకర అన్నవారిని పట్టుకోండి!" అని కేకేశాడు.

ఇద్దరు భటులు ఈటెలు పట్టుకుని నాలుగడుగులు ఉరికి ఆగిపోయారు. అన్నదెవరో ఇద్దరికీ తెలుసు. ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు. చివరికి ఒక భటుడు ఇంకో భటుణ్ణి పట్టుకున్నాడు.

"తిప్పనా! ఏమిటీ వేళాకోళం?" రాజు గర్జించాడు. "నేను వంకర అన్నది విల్లును. కర్రను కాదు!"

"అదీ సంగతి!" అని సభ గుండెల నిండా గాలి పీల్చుకుంది. "విల్లునే! విల్లునే!"

"నేనిచ్చింది తిన్నని కర్ర. దాన్ని వంకర చేసింది వీడు!" అని రాజు బైరన్న వైపు వేలు చూపించాడు.

బైరన్న మొహంలో నెత్తురు లేదు. జనంలో నిలబడ్డ గంగమ్మ గుడ్డ మూటను గట్టిగా గుండెకు హత్తుకుంది.

"న్యాయమే ప్రభూ" అన్నాడు తిప్పన. "తిన్నని కర్రను పాడుచేసినవాడికి శిక్ష పడాల్సిందే. ఆ తిన్నని కర్రను ఒక్కసారి కొలువులో చూపిస్తే, వీడు చేసిన నేరం ఎంత పెద్దదో అందరికీ తెలుస్తుంది."

"ఆ కర్ర ఇంకెక్కడుంది? చెక్కేశాడుగా!"

"సగమే చెక్కాడు ప్రభూ. మిగతా సగం ఉంది. గంగమ్మా, ఇలా పట్టుకురా."

గంగమ్మ వచ్చి మూట విప్పింది. పట్టతో, పసుపుతో, రాజముద్రలతో రెండో బద్ద బయటపడింది. దాని మీద ఉలి గీత ఒక్కటి లేదు. తిప్పన దాన్ని బల్ల మీద విల్లు పక్కనే పెట్టాడు. విల్లు కుడికి తిరిగిన చోట బద్ద కుడికి తిరిగింది. ఎడమకు తిరిగిన చోట ఎడమకు తిరిగింది. బుడిపెల దగ్గర రెండూ ఒక్కలాగే మెలిక పడ్డాయి. ఒకే దుంగలో పుట్టినవి మరి.

"ఇది తమరి ముద్ర ఉన్న కర్ర. ఎవరూ ఉలి పెట్టలేదు" అన్నాడు తిప్పన చేతులు కట్టుకుని. "ఇది తిన్నగా ఉందా ప్రభూ, లేక ఇంకోలా ఉందా?"

రాజు ఇరుకున పడ్డాడు. తిన్నగా ఉందంటే విల్లూ తిన్నగానే ఉన్నట్టు. ఇంకోలా ఉందంటే పొలిమేర దాటాల్సింది తనే. మంత్రి వైపు తిరిగి "నువ్వు చెప్పు" అన్నాడు.

"ప్రభూ, ఇటు నుంచి చూస్తే అటు... అటు నుంచి చూస్తే మళ్లీ ఇటు... నేను నిన్నటి నుంచి ఉపవాసం ప్రభూ, కళ్లు తిరుగుతున్నాయి" అని వాచస్పతి కూలబడ్డాడు.

"పండితుడా, నువ్వు?"

"శాస్త్రంలో తిన్నదనం రెండు విధాలు ప్రభూ."

"ఏమిటవి?"

"ఆ రెండూ ఇప్పుడే గుర్తుకు రావడం లేదు."

రాజు బద్దనూ విల్లునూ మార్చి మార్చి చూశాడు. చిన్న గొంతుతో "తిన్నగానే ఉంది" అన్నాడు.

"మరి విల్లు ప్రభూ?"

"అదీ... తిన్నగానే ఉంది."

"మరి బైరన్న?"

"ఎక్కడికీ పోనక్కర్లేదు. ఇక్కడే ఏడవమను!"

గంగమ్మ అక్కడే కూలబడి కొంగుతో మొహం కప్పుకుంది. ఇన్నాళ్ల బెంగ ఒక్కసారిగా దిగిపోయేసరికి ఏడుపొచ్చింది ఆమెకు.

రాజుకు ఉక్రోషం తగ్గలేదు. "మాటలకేం, ఈ బాణం ఎవరి కొంప ముంచుతుందో చూద్దాం" అంటూ విల్లు అందుకున్నాడు. డప్పువాడు డప్పుతో సహా రాయి వెనక కూర్చుండిపోయాడు.

బైరన్న అల్లెతాడు ఎక్కించి ఇచ్చాడు. రాజు విల్లెత్తి చూసి ఆశ్చర్యపోయాడు. కర్ర ఎన్ని మెలికలు తిరిగితేనేం, తాడు మాత్రం ఈ కొమ్ము నుంచి ఆ కొమ్ముకు సూటిగా, సరిగ్గా తన పిడికిలి మీదుగా పోతోంది. లాగాడు. ఎక్కడా చిటుక్కుమనలేదు. వదిలాడు.

బాణం అరటిబోదె నడుమన దిగింది.

ఎవరూ నమ్మలేదు. సగం మంది డప్పువాడి వైపు చూశారు. వాడు రాయి వెనక నుంచి తల ఎత్తి, డప్పు తడిమి చూసుకుని, బోదెను చూసి, గట్టిగా వాయించడం మొదలుపెట్టాడు. అప్పుడు జనం కేకలు వేశారు.

రాజు మొహం విప్పారింది. ఎన్నేళ్లుగానో తగలని బాణం తగిలింది మరి. తిప్పనను దగ్గరకు పిలిచాడు.

"నిజం చెప్పు. ఆ రోజు సభలో ఆ దుంగ నీకెలా కనబడింది?"

"ముందు దండోరా వెనక్కి తీసుకోండి ప్రభూ. నాకు ఈ ఊరి భోజనం బాగా పడింది."

రాజు ఆపుకోలేక పకపకా నవ్వాడు. "తీసుకున్నాను. ఇక చెప్పు."

"వంకర ప్రభూ. మహా వంకర."

"వంకరే ప్రభూ!" అని సభంతా ఒక్కసారి అరిచింది. ఇన్నాళ్లూ బిగబట్టుకున్న మాట కదా! నేను మొదటిరోజే అనుకున్నానని వాచస్పతి లేచి నిలబడి మరీ చెప్పాడు. కళ్లు తిరగడం తగ్గిపోయింది.

రాజు ఇంకా నవ్వుతూనే తన చేతి కంకణం తీసి బైరన్నకు తొడిగాడు. భుజం మీది శాలువా తిప్పనకు కప్పాడు.

"దొరా" అంది గంగమ్మ కళ్లు తుడుచుకుని, "ఆ బద్ద ఇక పొయ్యిలో పెట్టుకోనా?"

"నీకు బండెడు కట్టెలు పంపిస్తానమ్మా. ఆ బద్ద మాత్రం నాకివ్వు."

రాజు దాన్ని తెచ్చి సింహాసనం పక్కన, అందరికీ కనబడేలా నిలబెట్టించాడు. మర్నాడు కొలువు తీరగానే, "ఏమయ్యా, నా కిరీటం తిన్నగా ఉందా?" అని అడిగాడు.

సభ కిరీటాన్ని చూసింది. బద్దను చూసింది. తిప్పన వైపు చూసింది. తిప్పన ఏమీ ఎరగనట్టు వక్క నములుతున్నాడు.

ముసలి సేనాపతి మెడ ఎటూ వంచకుండా, "కొంచెం ఎడమకు ఒరిగింది ప్రభూ" అన్నాడు.

రాజు నవ్వి, కిరీటం సర్దుకున్నాడు.