వరుసలమ్మ తిప్ప: కడపటి జట్టుకు మొదటి దండ

మల్లెకొండ పట్టణానికి పడమటి దిక్కున, బస్సు దిగి ఎవరిని అడిగినా చెయ్యి చాపి చూపించే చిన్న తిప్ప మీద శ్రీ వరుసలమ్మ తల్లి వెలసి ఉన్నది. అమ్మవారికి గోపురం లేదు. మనిషెత్తు గుండ్రటి బండకు పసుపు పూసి, కుంకుమ దిద్ది, వెండి కళ్ళు పెట్టారు, అంతే. బండకు ఎదురుగా ఏటవాలున పది రాళ్ళ గుట్టలు కనిపిస్తాయి. కొత్తగా వచ్చే భక్తులు అవి మొక్కుబడి రాళ్ళనుకొని తామూ ఒకటి వేయబోతారు. దయచేసి వేయరాదు. అవి మల్లెకొండ ఫుట్‌బాల్ లీగు పై వరుసలో ఆడే పది జట్ల పాయింట్లు. ఒక్క రాయి ఎక్కువైనా సాయంత్రానికల్లా ఊళ్ళు ఊళ్ళు తిప్ప మీదికి వచ్చేస్తాయి.

సంస్థానం రోజుల్లో ఇక్కడి జనం మల్లెకొండనే దేశమనేవారు. ఆ లెక్కన ఇది దేశపు లీగు. సంస్థానం పోయింది గాని లీగు పోలేదు. కార్తీకంలో మొదలై ఉగాదికి ముందు వచ్చే ఆదివారంతో ముగుస్తుంది. ఆ ఆదివారం ఇక్కడ జరిగే వేడుకను చూడడానికే ఎక్కువమంది వస్తారు. అందరూ అడిగేది ఒకటే: గెలిచినవాళ్ళను వదిలేసి ఓడినవాళ్ళకు ముందు దండ వేయడమేమిటని. దానికొక కథ ఉన్నది.

పూర్వం ఇక్కడ సింగప్ప నాయకుడనే రాజు ఉండేవాడు. రైలు పట్టాలు వేయడానికి వచ్చిన దొరలు ఖాళీ దొరికినప్పుడల్లా బంతి తన్నుకుంటుంటే చూసి ఆయనకు ఆ ఆట మీద మనసు పడింది. కోటలో ఒక జట్టు, ఊరూరా ఒక జట్టు పెట్టించాడు. ఆట అంటే ప్రాణమే గాని, ఓడినవాళ్ళను చూస్తే మాత్రం రాజుగారికి ఒళ్ళుమంట. ఒక్క ఆట ఓడితే చాలు, ఆ ఊరి గోలు కొయ్యలు పెరికించి కోట వంటశాలకు తోలించేవాడు. మైదానం గుర్రాలకు మేతబీడయ్యేది. ఆ ఊరు మళ్ళీ బంతి ముట్టరాదు. అలా ఏటికేడు జట్లు తరిగిపోతూ వచ్చాయి.

ఈ తిప్ప కింద ఎర్రగొంది అనే గొర్రెలకాపరుల పల్లె ఉండేది. జట్టు కెప్టెను ఉరుకుందు. అతని అక్క మారెక్క, మంద తోలుకొని బతికే మనిషి. ఆ పల్లెకు మాపటివేళ ఆటే పండగ. ముసలీముతకా కూడా గట్టున కూర్చొని అరిచేవారు. ఆ ఏడు ఎర్రగొంది కోట జట్టు చేతిలో చిత్తుగా ఓడింది. పొద్దుగూకేలోగా కొయ్యలు పెరకడానికి మనుషులు వస్తారని మరునాడు పొద్దున్నే కబురందింది. ఉరుకుందు కోపం పట్టలేక బంతిని తిప్ప మీదికి తన్నాడు.

"పోనీ, ఇంగ దాంతో మనకేం పని!" అన్నాడు.

"బంతి ఏం చేసిందిరా నిన్ను? ఆడ్డం రానిది మీకు," అని మారెక్క మందను తోలుకుంటూ తిప్ప ఎక్కింది.

బంతి ఒక గుండ్రటి బండకు ఆనుకొని ఉన్నది. ఏనాడూ చెప్పిన మాట వినని గొర్రెలు బండ ముందు బారులు తీరి పడుకున్నాయి. మారెక్క ఆశ్చర్యపోయి ఆ నీడన నడుము వాల్చింది. మిట్టమధ్యాహ్నం కునుకులో పసుపు ముఖంతో, చీర ఎగదోపి, చంకన బంతి పెట్టుకొని అమ్మవారు కనిపించింది.

"మారెక్కా! ఒక్క ఓటమికి ఊరిని తుడిచేయడం నాకు సమ్మతం కాదు. అందరూ అందరితోనూ ఆడవలెను. ఒకసారి వాళ్ళ ఊళ్ళో, ఒకసారి మీ ఊళ్ళో. గెలిచినవారి గుట్టకు రెండు రాళ్ళు, సమమైతే చెరొకటి. కడపట నిలిచినవారు కింది వరుసకు దిగవలెను, కింద గెలిచినవారు పైకి ఎక్కవలెను. దిగినవాడికి మళ్ళీ ఎక్కే దారి మూయరాదు. రాజుకు చెప్పు. నేను ఈ బండలో ఉంటాను."

మారెక్క బంతి చంకన పెట్టుకొని సరాసరి కోటకు పోయింది. రాజు విని నవ్వాడు.

"ఓడినవాళ్ళను మళ్ళీ మళ్ళీ ఆడించమంటావా?"

"సామీ, నా మందలో ఒక కుంటిది ఉండాది. దినామూ ఎనకబడతాది. దాన్ని గట్టుమీద ఇడిసిపెట్టి రాను గదా. తెల్లారితే మళ్ళా తోలకపోతా."

"ఆడేది మనుషులమ్మా, గొర్రెలు కాదు."

"మా ఊరోళ్ళ ఆట సూసినావు గదా సామీ. గొర్రెలే మేలు."

సభ గొల్లుమన్నది. రాజు కూడా కాస్త మెత్తబడి ఒక్క ఏడాదికి ఒప్పుకున్నాడు. గుట్టల బాధ్యత మారెక్కదే. చివరినాడు తిప్ప మీద అందరి ముందు వరుస చదవవలసిందీ ఆమే. అందులో ఏ తగాదా వచ్చినా ఎర్రగొంది కొయ్యలు ఆ రోజే కోటకు వస్తాయన్నాడు.

ఆ ఏడాది సంగతి ఇప్పటికీ పాటలు కట్టి పాడతారు. ఇదివరకు ఓడిన ఊళ్ళన్నీ కొత్త కొయ్యలు నాటుకొని కింది వరుసగా ఏర్పడ్డాయి. పై వరుసలో పది జట్లు. ఆడడానికి వచ్చిన పొరుగూరివాళ్ళకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టడం అప్పుడు మొదలైనదే. ఆట చూడవచ్చి పెళ్ళిళ్ళు కుదుర్చుకున్నవాళ్ళూ ఉన్నారు. ఎర్రగొందివాళ్ళు ప్రతి ఆటా ప్రాణం పెట్టి ఆడారు. ఆడి, కడపట నిలిచారు.

చివరినాడు తిప్ప నిండా జనం. రాజు దండ, మేళం, ఏనుగుతో వచ్చాడు. మొదటి పేరు వినబడగానే దండ వేయమని పురోహితుడికి ముందే చెప్పి ఉంచారు. మారెక్క గుట్టల ముందు నిలబడింది. గొర్రెలకాపరి మందను ఎప్పుడూ తోక నుంచే లెక్కపెడతాడు. తప్పిపోయేది వెనకది కాబట్టి అది వచ్చిందో లేదో ముందు చూసుకుంటాడు. ఆమె కూడా అలవాటుకొద్దీ అటునుంచే మొదలుపెట్టి, "ఎర్రగొంది!" అని కేకవేసింది.

మేళం మోగింది. దండ ఉరుకుందు మెడలో పడింది. మావటి అతణ్ణి ఏనుగెక్కించేశాడు.

"అక్కా, మేము ఓడినాం గదే!" అని ఉరుకుందు పైనుంచి అరిచాడు.

"ఓడలేదని ఎవురన్న్యారు? ఎనకనుంచి లెక్కపెడతాండా. గమ్మునుండు, ఇంగా తొమ్మిదూర్లుండాయి!"

రాజు ముఖం కందగడ్డ అయింది. "తగాదా రానే వచ్చింది. కొయ్యలు పెరకండి," అని లేచాడు. ఎర్రగొంది ఆడవాళ్ళు ఏడుపు అందుకున్నారు. మారెక్క అప్పుడు గాని తాను చేసిన పని గ్రహించి, బండను పట్టుకొని నిలబడిపోయింది.

ఇంతలో కోట జట్టు కెప్టెను దస్తగిరి ముందుకు వచ్చాడు. అందరికంటే పెద్ద గుట్ట అతని జట్టుదే.

"తగాదా యాడుంది హుజూర్? పడితే నేను పడాల. నేనే పడ్డంలేదే! ఇన్నాళ్ళూ ఒక ఆట ఆడి ఏడాదంతా కోటలో ఈగలు తోలుకుంటా ఉంటిమి. ఈ యేడు ఊరూరా ఆడినాం, ఊరూరా తిన్న్యాం. కొయ్యలు పెరికేస్తే మేము ఇంగెవురితో ఆడాల? మీ గుర్రాలతోనా?"

ముందు గుర్రపువాళ్ళు నవ్వారు, తరువాత జనం నవ్వారు. రాజు చాలాసేపు బిగబట్టుకొని, చివరికి తానూ నవ్వాడు.

"కొయ్యలు ఉండనీ, దండా ఉండనీ. అయితే ఎర్రగొంది కింది వరుసకు దిగవలసిందే."

"దిగుతారు సామీ," అన్నది మారెక్క. "ముందు ఏనుగు దిగనీ."

మరుసటి ఏడు కింది వరుసలో ఎర్రగొందిదే పెద్ద గుట్ట. వాళ్ళు తిరిగి పైకి ఎక్కిన నాడే మారెక్క ఈ బండకు పసుపు పూసి వరుసలమ్మ అని పేరు పెట్టింది.

నేటికీ ఆమె వంశపు ఆడవారే ఇక్కడ పూజారులు. వరుసను కింది నుంచే చదువుతారు. మొదటి దండ కడపటి జట్టుకు, అదీ గెలిచిన కెప్టెను చేతులతోనే. కప్పు ఆ తరువాత. గెలుపుకు మూడు పాయింట్లు చేయాలని కమిటీవారు అనుకున్నప్పుడు అమ్మను పువ్వు అడిగారు. కుడివైపు నుంచి రాలింది, అంటే అమ్మ సరేనన్నట్టు. మూడయింది. పరీక్ష తప్పిన పిల్లలు, అంగడి మూతపడినవారు, ఓడిన సర్పంచులు ఆ ఆదివారం వచ్చి దండలోని ఒక పువ్వు తీసుకొని పోతారు. అమ్మ వారి దారి మూయదని ఇక్కడివారి నమ్మకం.

మొన్నటేడు దండ పడిన గుడిపల్లె జట్టు కెప్టెను కళ్ళనీళ్ళు పెట్టుకొని ఊరేగింపు ట్రాక్టరు ఎక్కనన్నాడు. పూజారమ్మ అతని భుజం తట్టి, "ఎక్కు నాయనా. మీ ఊళ్ళో కొయ్యలు ఎవురూ పెరకలేదు. పొద్దున్నే ఫోను చేసి కనుక్కున్న్యా," అన్నది. పిల్లవాడు నవ్వి ఎక్కాడు. ఈ ఏడు ఆ జట్టు మళ్ళీ పై వరుసలో ఆడుతున్నది. దర్శనం చేసుకొని దిగే భక్తులు ఎడమ నుంచి మూడో గుట్టను చూడవచ్చును. అది వాళ్ళదే.