పండితుడు కొట్టివేసిన నాలుగో మాట

గోదావరి పాయ నడుమ ఉన్న పూలలంకలో విజయరత్నం అనే పండితుడు ఉండేవాడు. ఛందస్సు ఆయనకు కరతలామలకమే గాని, ఒకే సంగతిని ఇద్దరు రెండు తీరులుగా చెబితే మాత్రం ఓర్చుకోలేకపోయేవాడు.

ఆ ఊరి చర్చిలో శుభశుక్రవారం మధ్యాహ్నం, సిలువపై యేసు పలికిన ఏడు మాటలను ధ్యానించడం ఆచారం. అవన్నీ ఒక్క సువార్తలోనివి కావు. శత్రువులను క్షమించమని వేడడం, పక్కనున్న దొంగకు అభయమివ్వడం, తండ్రి చేతికి ప్రాణం అప్పగించడం లూకా చెప్పినవి. తల్లిని శిష్యునికి అప్పగించడం, దప్పిక, పని ముగిసిందన్న ప్రకటన యోహాను చెప్పినవి. నడుమ వచ్చే నాలుగో మాట మార్కు, మత్తయిలలోనే ఉంది. దేవుడు తనను ఎందుకు విడిచాడని యేసు పెట్టిన కేక అది.

ఆ సంవత్సరం విజయరత్నం నాలుగు సువార్తలనూ కలిపి ఒకే పద్యకావ్యం కట్టాడు. దానికి వేరొక కారణం కూడా ఉంది. ఆయన అక్క సలోమమ్మ వానాకాలంలో కూతురు కరుణను జ్వరానికి పోగొట్టుకుంది. నాటి నుండి చర్చి గడప తొక్కలేదు. ఎందరు పిలిచినా రానిది, "ఏడు మాటలకు వస్తాలేరా" అని తమ్మునితో అంది. ఆమె మళ్ళీ వచ్చి కూర్చుంటే చాలునని ఆయన ఆశ.

వ్రాతప్రతి చూచి చర్చి పాస్టరు ఆశీర్వాదం అయ్యగారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"పద్యాలు పాలమీగడలా ఉన్నాయి. నాలుగో మాట ఏదయ్యా?"

"కొట్టివేశానండి. మన నాయకుడు ధీరోదాత్తుడు. అట్టివాడు ఆక్రోశిస్తే రసభంగం."

"కొట్టివేయడానికి మనమెవరం?"

"లూకా చెప్పలేదు, యోహాను చెప్పలేదు. వారు వదిలినది నేను వదిలితే తప్పా?"

"వారు తమ తమ గ్రంథాలలో వదిలారు. నువ్వు నలుగురి నోటినుండీ తీసేస్తున్నావు" అన్నారు అయ్యగారు. అయినా ఆ పద్యాల సొగసుకు లొంగి, చివరికి ఊరుకున్నారు.

శుక్రవారం వచ్చింది. సలోమమ్మ తెల్లచీర కట్టుకొని వెనుక బల్లపై కూర్చుంది. విజయరత్నం గొంతు విప్పాడు. లూకా చెప్పిన దొంగ ఘట్టం ముగియగానే గంట కొట్టే ఇమ్మానుయేలు పక్కవాని చెవిలో, "దొంగను ఉంచారు, బతికాం. లేకపోతే నాబోటివాడికి చోటెక్కడిది?" అన్నాడు. మూడో మాట అయింది. ఆ వెంటనే ఐదోదైన దప్పిక మాట వచ్చింది.

"పంతులుగారు ఒకటి మింగేశారు!" అన్నాడు ఇమ్మానుయేలు, ఈసారి నలుగురికీ వినబడేలా.

సలోమమ్మ లేచి బయటికి నడిచింది. విజయరత్నం పద్యం మధ్యలోనే ఆపి ఆమె వెంట పరుగెత్తాడు.

"అక్కా, ఎక్కడికి? పద్యాలు బాగాలేవా?"

"బాగున్నాయిరా. అందుకే వెళ్ళిపోతున్నా" అంది సలోమమ్మ. "బిడ్డ పోయిన రోజు నేనూ అదే అడిగాను, ఎందుకు విడిచావని. అలా అడగడం పాపమన్నారు అందరూ. ఆయనా అడిగాడన్న ఆ ఒక్క మాట వినిపోదామని వచ్చాను. నీ కావ్యంలో ఆయనకు దెబ్బే తగల్లేదు."

విజయరత్నానికి తాను ఎన్నోమార్లు చదివిన గ్రంథాలే ఇప్పుడు వేరుగా తోచాయి. నాలుగింటిలో ఏ కర్తా తన పేరు వ్రాసుకోలేదు. ఆ పేర్లు సంప్రదాయం చెప్పినవి. మార్కుది ముందు పుట్టినదని పలువురు పండితులంటారు. దానిలో జననకథ లేదు, అలంకారం లేదు. భయంలో బ్రతికేవారికి ఊపిరాడనట్లు చెప్పిన కథ అది. మత్తయి పూర్వప్రవక్తల వాక్కులను దండగా గుచ్చాడు. లూకా పేదలకూ, స్త్రీలకూ, వెలివేయబడినవారికీ తలుపు తెరిచాడు. యోహాను సృష్టికి పూర్వమే కథ మొదలుపెట్టి, సిలువను సింహాసనం చేశాడు. నలుగురూ నాలుగు రకాల గుండెలతో మాట్లాడారు. తానేమో ఒక్క చెవికి నచ్చినదే ఉంచాడు.

"ఒక్కసారి లోపలికి రా అక్కా. రసం పాడైనా సరే."

ఆయన వేదిక ఎక్కి కావ్యాన్ని పక్కన పెట్టాడు. మార్కు సువార్త తెరిచి, ఆ కేకను ఉన్నది ఉన్నట్లు చదివాడు. రాగం లేదు, గమకం లేదు. వెనుక బల్లపై సలోమమ్మ వానాకాలం తరువాత మొదటిసారిగా బిగ్గరగా ఏడ్చింది. ఎవరూ ఆమెను వారించలేదు. తరువాత ఆయన యోహానును యోహానుగా, లూకాను లూకాగా చదివి ముగించాడు.

అందరూ వెళుతుండగా సలోమమ్మ కొంగుతో ముఖం తుడుచుకొని, "ఆదివారం ఎవరిది చదువుతావురా?" అని అడిగింది.

విజయరత్నం ముఖం వికసించింది. "నువ్వే చెప్పక్కా."

"యోహానుది చదువు. సమాధి దగ్గర తోటలో ఏడుస్తున్న మరియను, తిరిగి లేచిన ఆయన పేరు పెట్టి పిలుస్తాడే, ఆ ఘట్టం. ముందు బల్లపై చోటుంచు, వెనుక నాకు సరిగా వినబడదు."

నీతి: ఒకే సత్యాన్ని పలువురు పలు తీరులుగా పలికినప్పుడు, మనకు రుచించని గొంతును నొక్కివేయరాదు, మరొక గుండె దానికోసమే ఎదురుచూస్తూ ఉండవచ్చు.