గడ్డం తిన్న మేక

బంగారూ, దగ్గరికి జరుగు. ముందుది వెనకా, వెనకది ముందూ చెప్పేస్తానేమో, నువ్వే సర్దుకోవాలి మరి.

అనగనగా గోదావరి కాలవ గట్టున ఒక పేట. ఆ పేటలో ఒక పెంకుల చర్చి. ఇప్పుడది లేదులే, డాబా కట్టేశారు. ఆ చర్చికి ఇటు ఎస్తేరమ్మ ఇల్లు, అటు సువార్తమ్మ ఇల్లు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే పాటల పుస్తకంలో చూసి పాడేవారు. ఒకరింట చేపల పులుసు కాగితే రెండిళ్ళవాళ్ళూ తినేవారు.

ఎస్తేరమ్మకి రాణి అని ఒక మేక ఉండేది. ఒకరోజు అది దడి మీద ఆరేసిన సువార్తమ్మ చీర కొంగు నమిలేసింది. చనిపోయిన వాళ్ళమ్మ ఇచ్చిన చీర అది. పాపం, సువార్తమ్మ మిగిలిన ముక్క పట్టుకుని నిలబడిపోయింది. మేక మూతి నుంచి జరీ పోగు మీసంలా వేలాడుతోంది. అది చూసి ఎస్తేరమ్మ పకపకా నవ్వేసింది. అంతే! ఆ రోజు నుంచి సువార్తమ్మ మాట్లాడలేదు.

ఎస్తేరమ్మకి అన్నం సయించలేదు. అప్పుడు చింతచిగురు రొయ్యలు వండి పంపింది. గిన్నె పంపినట్టే తిరిగొచ్చింది. ఆ తర్వాత ఆదివారం పక్కన కూర్చోబోయింది. సువార్తమ్మ లేచి వెనక బెంచీకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత క్రిస్మస్ వచ్చింది. కాగితం నక్షత్రాలు, పెట్రోమాక్స్ దీపాలు, అబ్బో! స్త్రీల సమాజం వాళ్ళు తప్పిపోయిన కొడుకు నాటకం కట్టారు. ఆస్తంతా తగలేసి వచ్చిన కొడుకుని తండ్రి పరుగెత్తుకెళ్ళి కౌగిలించుకుని, దూడని కోసి విందు చేసే కథ.

"సువార్తమ్మది పెద్ద గొంతు, తండ్రి వేషం వెయ్యాలి. ఎస్తేరమ్మ చిక్కిపోయింది, ఆకలికి మాడిన కొడుకు తనే," అన్నారు పాస్టరమ్మగారు.

విందుకు కోసే దూడ దొరక్క రాణినే తెచ్చి కట్టారు. జనపనారతో గడ్డం చేసి, సువార్తమ్మ చెంపలకి చిక్కటి గంజితో అతికించారు.

"నాన్నా, తప్పు చేశాను," అని మోకరించింది ఎస్తేరమ్మ. తండ్రి కుర్చీలోంచి కదల్లేదు.

"నాన్నా, తప్పు చేశాను!" ఊహూఁ.

"లేవమ్మా, పరుగెత్తాలి!" అన్నారు తెర వెనక నుంచి పాస్టరమ్మగారు.

"నాకు మోకాళ్ళ నొప్పులు," అంది తండ్రి. జనం గొల్లుమన్నారు.

అప్పుడు ఎస్తేరమ్మ నాటకం మాట వదిలేసి సొంత మాట అంది. "సువార్తా, చీర తిన్నది మేకే. కానీ నవ్వింది నేను. మీ అమ్మ చీరని తెలిసీ నవ్వాను. క్షమించవే."



అప్పుడు రాణికి గంజి వాసన తగిలింది. తాడు తెంపుకుని వచ్చి, తండ్రి ఒళ్ళో కాళ్ళు పెట్టి గడ్డం లాగేసింది. సగం గడ్డం మేక నోట్లో, సగం సువార్తమ్మ చెంప మీద!

జనం పడీపడీ నవ్వారు. ఎస్తేరమ్మ ఒక్కతే నవ్వలేదు. రెండు చేతులతో నోరు మూసుకుంది. బుగ్గలు ఉబ్బిపోతున్నా చేతులు తియ్యలేదు.

సువార్తమ్మ ఆ మూసిన నోటికేసి చూసింది. లేచింది. పరుగెత్తింది. గట్టిగా కౌగిలించుకుంది.

"నవ్వవే దొంగమొహమా! నీ నవ్వు విని ఎన్నాళ్ళైంది," అంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వారు.

"ఇంకా దూడని కొయ్యాలి," అని గుర్తుచేశారు పాస్టరమ్మగారు.

"మా రాణి మీద చెయ్యి పడితే ఊరుకోను! దానికి గంజి పోయండి," అంది తండ్రి.

పొద్దున్నే ఆ నాటకం చూసిన మీ సలోమి పెద్దమ్మనడుగు బంగారూ, పేర్లన్నీ సరిగ్గానే చెప్పానా అని. మేక పేరు రాణేనా, రత్నమా?

కథేమో కంచికి, మేకేమో గంజికి, మనమేమో మంచానికి.