కదలని బోగీలో సార్టరు

పైడాచారిగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు దొరకదు, పని దొరుకుతుంది. రైల్వే కార్ఖానాలో ముప్పయ్యేళ్ళు వడ్రంగం చేసి, ఆ తరువాత వేదాంతంలో పడిన మనిషి ఆయన. ఆదివారాలు గీత చెప్పించుకోవడానికి వచ్చే పదిమంది చేతికీ గరుకు కాగితాలిచ్చి, వాల్తేరు యార్డులో మూలపడి ఉన్న పాత తపాలా బోగీని బాగుచేయిస్తున్నారు. మోక్షానికి ఇది దగ్గరి దారా అని అడిగే ధైర్యం వాళ్ళలో ఎవరికీ లేదు.

హైమావతి వాళ్ళలో చేరి మూడు నెలలైంది. ఆమె భర్త శంకరం ఆ బోగీలోనే సార్టరుగా పనిచేశాడు. నడుస్తున్న రైల్లో గంటల తరబడి నిలబడి, ఉత్తరాలను ఊరివారీగా అరల్లో వేసే పని. ఆయన పోయి రెండేళ్ళు. ఒకనాడు ఆమె ఉండబట్టలేక అడిగింది.

"గురువుగారూ, ఆయన గుర్తొస్తే లోపలంతా అతలాకుతలమైపోతోంది. ఈ మనసు ఎప్పటికి కుదుటపడుతుంది?"

ఆచారిగారు ఆమెకు తెల్లరంగు డబ్బా, సన్నకుంచె ఇచ్చి, అరల మీద ఊళ్ళ పేర్లు రాయమన్నారు.

రాద్దామంటే పేర్లేవీ? శిష్యులు భక్తి ఎక్కువై, పాత రంగుతోపాటు పేర్లు కూడా గీకిపారేశారు. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయింది. మిగిలినవి ఎనభై బోడి అరలు. అకారాది క్రమంలో రాసేస్తే పోలేదా అన్నారొకరు. హైమావతికి ప్రాణం చివుక్కుమంది. భర్త చెయ్యి ఏ అర నుంచి ఏ అరకు వెళ్ళేదో, ఆ క్రమమే ఆమెకు కావాలి. ఆ మనిషి బతుకులో సగం ఆమె కంటపడకుండా ఈ బోగీలోనే గడిచిపోయింది. ఆ సగాన్ని ఒక్కసారి చూడాలని ఆమె ఆశ.

ఆ క్రమం తెలిసినవాడు ఒక్కడే మిగిలాడు. శంకరం పక్కన నిలబడి పనిచేసిన సూరన్న. ఎనభై దాటాయి. తునిలో ఉంటే హైమావతి స్వయంగా వెళ్ళి పిలుచుకొచ్చింది. పాత కవర్ల కట్ట చేతికిస్తే సూరన్న అరల ముందు నిలబడ్డాడు. చెయ్యి ఎత్తాడు, దించాడు. కుర్చీ వేస్తే, ఈ పనికి కుర్చీ ఏటని విసుక్కున్నాడు. గంట గడిచినా ఒక్క కవరూ అరలో పడలేదు.

"ఏటో వదినమ్మా," అన్నాడు చివరికి. "ఇన్నేళ్ళు నిలబడ్డ చోటే. ఒక్క ఊరూ తోచట్లేదు."

హైమావతి కుంచె కడిగేసింది.

ఆచారిగారు మాత్రం సూరన్న కాళ్ళవంక చూస్తున్నారు. ఎడంగా పెట్టిన ఆ కాళ్ళు, కదలని నేల మీద, కాసేపు కుడికీ కాసేపు ఎడమకీ బరువు మార్చుకుంటున్నాయి. ఆయన కిందికి దిగి, శిష్యులందరినీ బోగీకి ఒక పక్కన నిలబెట్టి, బరువులు లాగే ఖలాసీల పాట ఎత్తుకున్నారు. పాటకు తగ్గట్టు అందరూ భుజాలానించి నెట్టడం, వదలడం, మళ్ళీ నెట్టడం. పదోసారికో పన్నెండోసారికో ఆ ముసలి బోగీ స్ప్రింగుల మీద మూలుగుతూ ఊగింది.

లోపల సూరన్న చెయ్యి లేచింది. తుని, అన్నవరం, పిఠాపురం అంటూ కవర్లు టపటపా పడసాగాయి. పెద్ద ఊళ్ళు గుండె ఎత్తున, చిన్న ఊళ్ళు పైన. హైమావతి సుద్దముక్కతో వెంటపడి రాసుకుంటోంది. మోకాలి దగ్గరి అర ఒకదాంట్లో సూరన్న ఏ పేరూ చెప్పకుండా కవరు పడేశాడు. అదేమిటని ఆమె అడిగింది.

"అది శంకరంగారిది వదినమ్మా. అడ్రసు ఎవరికీ అంతుపట్టని ఉత్తరాలు అందులో పడేసేవోళ్ళం. బండి రాజమండ్రి చేరేలోగా ఆయన కూడబలుక్కుని చదివి, ఊరు కనిపెట్టేసేవోరు. వెనక్కి పోనిచ్చేవోరు కాదు."

ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆయన ఈ సంగతి ఆమెకు చెప్పనేలేదు. హైమావతి ఆ అరలో చెయ్యి పెట్టి, అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుపు విని బయటివాళ్ళు కంగారుపడి నెట్టడం ఆపేశారు. బోగీ ఆగింది. కవరు పట్టుకున్న సూరన్న చెయ్యి ఎటు పోవాలో తెలియక గాలిలోనే నిలిచిపోయింది.

ఆచారిగారు చెమట తుడుచుకుంటూ తలుపు దగ్గరికి వచ్చారు. ఇంకా రెండు వరసల అరలు ఖాళీగా ఉన్నాయి.

"చెప్పమ్మా," అన్నారు. "కుదుటపడాలన్నావు కదా, ఇక కదపకుండా ఉంచెయ్యమంటావా?"